గోధుమ గారి పదవీకాలం

చలిదేశాలు తిరిగొచ్చినవాళ్లు మామూలుగా చాక్లెట్లు తెస్తారు. వ్యవసాయ కమిషనర్ చంద్రహాస్ గారు గోధుమలు తెచ్చారు.

ఎక్కడో ఉత్తరాన, ఏడాదిలో సగం రోజులు మంచు కింద పడుండే ఒక పొలంలో, చూపుడువేలంత పొడుగు వెన్నులు చూసి ఆయన మనసు పారేసుకున్నారు. ఆ వెన్నుల పక్కన నిలబడి ఫోటో దిగారు. విమానం దిగీ దిగగానే, "అక్కడ పండింది ఇక్కడెందుకు పండదు?" అని అడిగారు. అది జవాబు చెప్పాల్సిన ప్రశ్నో తల ఊపాల్సిన ప్రశ్నో స్వాగతం చెప్పడానికి వచ్చిన అధికారులకు అర్థం కాలేదు. అర్థం కానప్పుడు తల ఊపడమే శాఖలో ఆచారం కనుక అందరూ ఊపారు. ఆ విధంగా చలి గోధుమ పథకం మొదలైంది.

విత్తనం ఎర్రగుట్ట పరిశోధన కేంద్రానికి చేరింది. ఎర్రగుట్ట అంటే మాఘమాసంలో కూడా మధ్యాహ్నం ఫ్యాను లేనిదే కూర్చోలేని ఊరు. నల్లరేగడి నేల, పత్తి, కంది, చలికాలం జొన్న. ఆ కేంద్రానికి పెద్ద దిక్కు సహాయ సంచాలకుడు పరాంకుశం. పంటలు ఎప్పుడు ఎందుకు పూస్తాయో చదువుకున్న మనిషి. చదువుకున్నది పైవాళ్ల ముందు బయటపెట్టకుండా ఉద్యోగం చేయడం కూడా ఆయనకు బాగానే తెలుసు. ఆయన భార్య వైదేహి రాష్ట్రానికి ఆ కొసన హైస్కూల్లో టీచరు. ఆ ఊరికి బదిలీ ఇప్పించమని పరాంకుశం పెట్టుకున్న దరఖాస్తు ప్రతి ఏడూ వెళ్తుంది, ప్రతి ఏడూ తిరిగొస్తుంది.

మొదటి ఏడు దీపావళి వెళ్లాక గోధుమ విత్తారు. మొలిచింది. పిలకలు తొడిగింది. చూడ్డానికి రెండు కళ్లూ చాలనంత పచ్చగా, గుబురుగా పరుచుకుంది. పుష్యం పోయింది, మాఘం పోయింది, ఒక్క వెన్ను లేదు. ఉగాది నాటికి ఎండలు ముదిరి, ఆ పచ్చదనమంతా పచ్చదనంగానే మాడిపోయింది.

సమీక్షా సమావేశంలో కమిషనర్ గారు పరాంకుశాన్ని నిలబెట్టారు.

"శాఖ విత్తనమిచ్చింది. శాఖ ఎరువిచ్చింది. శాఖ నీరిచ్చింది. వెన్ను ఎందుకు వెలువడలేదో శాఖ తెలుసుకోగోరుతోంది."

పరాంకుశం గొంతు సవరించుకున్నాడు. "సార్, ఇది చలి గోధుమ. మొలక దశలో దీనికి కొన్ని వారాలపాటు గట్టి చలి తగలాలి. ఆ తర్వాత పగళ్లు పొడుగు కావాలి. దాని సొంత దేశంలో మంచుకు ముందు విత్తుతారు. అది తొందరపడి అప్పుడే పూస్తే పూతంతా మంచుకు చస్తుంది. అందుకని చలికాలం వచ్చి వెళ్లిందని నమ్మకం కుదిరితే తప్ప వెన్ను తీయదు. మన దగ్గర దానికి చలికాలం వచ్చినట్టే తెలియదు. ఎప్పుడొస్తుందా అని ఆకులేసుకుంటూ కూర్చుంది."

"అంటే మొక్కకు షరతులున్నాయంటారు."

"ఉన్నాయి సార్."

"ప్రభుత్వ భూమిలో?"

కమిషనర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, "సరే. షరతులు నెరవేర్చండి. శాఖకు అసాధ్యమంటూ ఏదీ లేదు" అన్నారు.

అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ పరాంకుశం ఎంతైనా చదువుకున్నవాడు. లోపలున్న చదువు ఒక్కోసారి తుమ్ములాగా ఆగకుండా వచ్చేస్తుంది. "విత్తనాన్ని నానబెట్టి, మొలక కనిపించగానే ఒకటిన్నర నెల ఫ్రిజ్‌లో పెట్టి, అప్పుడు విత్తితే చాలు సార్. చలికాలం అయిపోయిందనే అనుకుంటుంది" అనేశాడు.

"అద్భుతం! ఒక ఫ్రిజ్ కొనండి" అన్నారు కమిషనర్ గారు.

ఫ్రిజ్ కోసం ఫైలు కదిలింది. కదిలి, ఆర్థిక విభాగంలో కోటిలింగం గారి బల్ల మీద ఆగింది. కోటిలింగం గారు అన్యాయం చేసే మనిషి కాదు, రూలు చూసే మనిషి. ఆయన రాసిన అభ్యంతరం ఇది: "శీతల సౌకర్యము సంయుక్త సంచాలకులు మరియు ఆపై హోదా గలవారికి మాత్రమే అనుమతింపబడినది. సహాయ సంచాలకుల కార్యాలయములో ఫ్రిజ్ ఉండరాదు. మట్టికుండ ఉండవచ్చును."

ఫ్రిజ్ అడిగింది పరాంకుశం కోసం కాదనీ, గోధుమ కోసమనీ జవాబు వెళ్లింది. "అట్లయిన గోధుమ హోదా ఏమిటో తెలుపవలెను" అని తిరుగు టపా వచ్చింది. వానాకాలమంతా ఈ ఉత్తరాలే నడిచాయి. పరాంకుశం హమ్మయ్య అనుకున్నాడు. ఫైలు ఇక లేవదు, తన పీడ విరగడైంది అనుకున్నాడు. కానీ కమిషనర్ గారు ఊరికే కమిషనర్ కాలేదు. ఒకనాడు ఫైలు తెప్పించుకుని, నిమిషంలో ముడి విప్పారు. గోధుమకు హోదా లేకపోవడమే సమస్య అయితే, హోదా ఇస్తే సరిపోతుంది.

"చలి గోధుమ పథకం విజయవంతమగు నిమిత్తం, శీతల సౌకర్యమునకు అర్హత కల్పించుచు, గోధుమకు సంయుక్త సంచాలకులు (ప్రత్యేక విధులు) హోదా కల్పించడమైనది. ఎర్రగుట్ట కేంద్రం ఇకపై వారి అధీనంలో పనిచేయును."

మూడో రోజుకల్లా ఫ్రిజ్ వచ్చింది. సంయుక్త సంచాలకుల ఫ్రిజ్ వరండాలో ఉండకూడదు కనుక గది కావాల్సి వచ్చింది. ఆ కేంద్రంలో గదంటూ ఉన్నది పరాంకుశానిదొక్కటే. ఆయన బల్ల వరండాలోకి వచ్చింది. గదిలోకి ఏసీ వచ్చింది, సోఫా వచ్చింది, నీలం పరదాలు వచ్చాయి. గుమ్మం మీద ఇత్తడి పలక వెలిసింది. ఆ గది మధ్యలో ఫ్రిజ్, ఫ్రిజ్‌లో తడి గోనెపట్టా, పట్టాలో చిన్న తెల్లటి మొలకలతో గోధుమ గారు.

గుమ్మం దగ్గర స్టూలేసుకుని కూర్చునే అటెండరు బాలమల్లు ఇరవై ఏళ్లుగా అధికారులను చూసినవాడు. ఈ అధికారి విషయంలోనూ మర్యాదకు లోటు రానివ్వలేదు. పరాంకుశం వరండాలో ఫోను మాట్లాడుతుంటే వేలు పెదాల మీద పెట్టి, "జర మెల్లగ మాట్లాడుండ్రి సారూ, లోపల పెద్దసారున్నరు" అనేవాడు.

పనులు కూడా హోదాను బట్టే మారాయి. కేంద్రంలో ప్రతి ఫైలూ సంయుక్త సంచాలకుల ముందుకు వెళ్లాలి. పై అధికారి తగిన సమయంలో అభ్యంతరం చెప్పకపోతే ఆమోదించినట్టే భావించాలని శాఖలో పాత నియమం ఒకటుంది. గోధుమ గారు దేనికీ అభ్యంతరం చెప్పలేదు. గోడకు సున్నం, బోరుకు మోటారు, గుమస్తాల సెలవులు, ఏళ్ల తరబడి దుమ్ము కొట్టుకుపోయిన ఫైళ్లన్నీ పొద్దున ఫ్రిజ్ మీద పెడితే సాయంత్రానికి ఆమోదమై వచ్చేవి. అరవరు, టీ తెమ్మనరు, పెళ్లాం కోసం కూరగాయలు తెమ్మనరు. ఎర్రగుట్టకు ఇంత మంచి అధికారి ఇంతకుముందు రాలేదని గుమస్తాలు మనస్ఫూర్తిగా చెప్పుకున్నారు. పరాంకుశానికి ఒళ్లు మండేది గానీ, కాదనడానికి మాట దొరికేది కాదు.

చలి గడువు తీరింది. గోధుమ గారిని ఫ్రిజ్ నుంచి తీసి పొలంలో విత్తారు. గుమ్మానికి "క్యాంపులో ఉన్నారు" అని బోర్డు తగిలించాడు బాలమల్లు. పొలంలో మొలకలు లేచాయి. అంతా సవ్యంగా ఉందనుకునేసరికి కమిషనర్ గారు వీడియోలో ప్రత్యక్షమయ్యారు.

"పరాంకుశం, మొదటి షరతు నెరవేరింది. రెండో షరతు పగటి నిడివి. ప్రస్తుత పరిస్థితి ఏమిటి?"

"పగళ్లు తగ్గుతున్నాయి సార్."

"ఎవరి ఆదేశం మీద?"

"చలికాలం సార్. ప్రతి ఏడూ తగ్గుతాయి."

"ప్రతి ఏడూ తగ్గుతుంటే శాఖ చూస్తూ ఊరుకుందా?" అని కమిషనర్ గారు నిజంగానే బాధపడ్డారు. న్యాయ విభాగాన్ని పిలిపించి, పగలు అంటే ఏమిటో నిర్వచనం తీయమన్నారు. శాఖ నియమావళిలో పగలుకు నిర్వచనమే లేదు. దగ్గర్లో దొరికిందల్లా పనివేళలు. పని జరిగే సమయం పగలనీ, జరగని సమయం రాత్రనీ న్యాయ విభాగం తేల్చింది. ఆ లెక్కన ఎర్రగుట్టలో చాలా ఏళ్లుగా రాత్రే నడుస్తోందని ఎవరో గొణిగారు గానీ, అది మినిట్స్‌లోకి ఎక్కలేదు.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. "ఎర్రగుట్ట కేంద్రం ప్రాంగణమునందు సూర్యాస్తమయమును అర్ధరాత్రికి ఒక గంట ముందు వరకు వాయిదా వేయడమైనది. సిబ్బంది ఇందుకు సహకరించవలెను."

క్రికెట్ ఆటకు పెట్టేలాంటి పెద్ద దీపాలు నాలుగు మూలలా లేచాయి. పొద్దు గుంకిన క్షణమే అవి భగ్గున వెలిగేవి. ఉత్తర్వు ప్రకారం అది పగలు కనుక ఆఫీసు మూసే వీల్లేదు. గుమస్తాలు ఏడింటికి మధ్యాహ్నభోజనం చేసి, తొమ్మిదింటికి కునుకు తీసేవారు. వాచ్‌మన్ భీమన్నకు రాత్రి డ్యూటీ దాదాపు రద్దయింది. "నా రాత్రిని గుంజుకున్నరు సారూ" అని అతను పరాంకుశం దగ్గర మొత్తుకున్నాడు. ఆ ఫైలు కూడా గోధుమ గారి దగ్గరకే వెళ్లింది. వారు ఏమీ అనలేదు.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. పథకం పనిచేసింది. చలి తిన్న మొలకలకు పొడుగు పగలు దొరికేసరికి గోధుమ ఆకులు మానుకుని కాండం లేవదీసింది. ఒకనాడు పరాంకుశం వంగి, ఒక పిలకను వేళ్ల మధ్య నొక్కి చూశాడు. లోపల గణుపు తగిలింది. ఎర్రగుట్ట ఎండలో, ఆ చలిదేశపు గడ్డి చలికాలం వెళ్లిపోయిందని నమ్మి పూతకు సిద్ధమవుతోంది. పుస్తకంలో చదివింది చేతికి తగిలితే ఎంత ఆనందంగా ఉంటుందో ఆయనకు అప్పుడే తెలిసింది. కమిషనర్ గారికి ఫోను చేసి చెప్పాడు.

"శాఖ సంతోషిస్తోంది" అన్నారు కమిషనర్ గారు. "పరాంకుశం, వెన్ను బయటపడిన రోజే మీ బదిలీ ఉత్తర్వు మీద సంతకం చేస్తాను."

ఆ పూట పరాంకుశం రెండు టీలు తాగాడు. బాలమల్లుకీ ఒకటి ఇప్పించాడు.

సరిగ్గా ఆ సంతోషంలో ఉండగానే సత్తెవ్వ వచ్చింది. కేంద్రం కంచెకు అవతల ఆమెకు రెండెకరాల చేను. ఇంటిల్లిపాదికీ ఏడాది రొట్టె, కొట్టంలో మూడు బర్రెలకు చొప్ప ఆ చేను జొన్న నుంచే. ఆ ఏడు వానలు ఆలస్యమై దసరా దాటాక విత్తింది.

"సారూ, నా జొన్న పొట్టకొస్తలేదు" అంది సత్తెవ్వ, వరండా మెట్టు మీద కూర్చుంటూ. "నిలువెత్తు పెరిగింది. ఆకు చూస్తె కండ్లు సల్లగైతయి. కంకి చూద్దమంటె లేదు. ఊర్ల అందరి చేన్లు కంకులేసినయి, నాదొక్కదానికే ఏమచ్చింది? ఎవ్వలన్న దిష్టి పెట్టిన్రేమోనని ఎండుమిరపకాయలు గూడ దిగదీసిన."

"ఆలస్యంగా విత్తావు కదా సత్తెవ్వా. వస్తుందిలే" అన్నాడు పరాంకుశం.

"పక్కోళ్లు నాతోటే ఇత్తిన్రు సారూ. నేల్ల తడి ఆరిపోతాంది. ఇంకో పక్షం పోతె కంకి ఏసినా పాలు పట్టయి. చొప్ప మేసి బర్రెలు బతుకుతయి, మేమేం తినాలె?"

పరాంకుశం ఆమెతో కంచె దాటి వెళ్లి చూశాడు. చేను మొత్తం కంకి లేకుండా పచ్చగా నిటారుగా నిలబడి ఉంది. ఒక మూల మాత్రం, కేంద్రం గోదాము నీడ పడే చోట, మంచం పట్టేంత మేర జొన్న పొట్టకొచ్చి, అక్కడక్కడ కంకి తొంగిచూస్తోంది. పరాంకుశం తలెత్తి దీపాల వైపు చూశాడు. ఆ మూల ఒక్కచోటే దీపాల వెలుగు పడదు.

గోధుమదీ జొన్నదీ ఒకటే కులం, రెండూ గడ్డిజాతి. కానీ గోధుమకు పగలు పెరిగితే పూయాలనిపిస్తుంది, ఈ చలికాలం జొన్నకు రాత్రి పెరిగితే పూయాలనిపిస్తుంది. వానలు పోయి రాత్రులు పొడుగైతేనే అది కంకి తీస్తుంది. సత్తెవ్వ చేనుకు ఇంకా రాత్రి పెరగనే లేదు. నాలుగు దీపాలు దాన్ని కంచె అవతల నుంచి మేల్కొలిపి కూర్చోబెట్టాయి. గోధుమ వెన్ను ఎంత పెరిగితే సత్తెవ్వ కంచంలో రొట్టె అంత తగ్గుతుందన్నమాట. ఇదంతా పరాంకుశానికి ఒక్క క్షణంలో అర్థమైంది.

"ఏమన్న కనిపెట్టినవా సారూ?"

"పైకి రాస్తాను" అన్నాడు.

రాశాడు కూడా. దీపాల వల్ల పొరుగు రైతు పంట దెబ్బతింటోంది, దీపాలు ఆర్పడానికి అనుమతి ఇవ్వగలరు అని సవినయంగా రాశాడు. జవాబు సత్తెవ్వ పేర నేరుగా వచ్చింది. ఆమె చదవలేక పరాంకుశం దగ్గరికే తెచ్చింది. ఆయన పైకి చదివాడు.

"ఎర్రగుట్ట నివాసి శ్రీమతి సత్తెవ్వ గారికి. ప్రభుత్వము తన సొంత వినియోగము కొరకు ఉత్పత్తి చేయుచున్న పగటి వెలుతురును తమ జొన్న అనుమతి లేకుండా స్వీకరించుచున్నట్లు శాఖ దృష్టికి వచ్చినది. తక్షణమే సదరు జొన్న వెలుతురును స్వీకరించుట మానుకొనవలెను."

సత్తెవ్వ కంచె అవతల తన చేను వైపు చూసింది. తర్వాత, "మానుకొమ్మని దానికి నేనెట్ల చెప్పాలె సారూ?" అని అడిగింది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. పరాంకుశానికి ఆమె ముఖంలోకి చూడబుద్ధి కాలేదు.

వైదేహికి ఫోను చేశాడు. గోధుమ గణుపులు కట్టిందనీ, పక్షం రోజులు దీపాలు వెలిగితే వెన్ను బయటపడుతుందనీ, బదిలీ చేతికొచ్చినట్టేననీ చెప్పాడు. ఆ ఊపులోనే కంచె అవతలి జొన్న సంగతి కూడా చెప్పాడు. చెప్పకుండా ఉంటే బాగుండేదని సగంలో అనుకున్నాడు గానీ, అప్పటికే చెప్పేశాడు.

"మీరొస్తే నాకెంత సంతోషమో మీకు తెలుసు" అంది వైదేహి. "కానీ ఆవిడ చేను మాడ్చి మీరిక్కడికొస్తే, నేను ఏ ముఖం పెట్టుకుని తలుపు తియ్యను?"

ఫోను పెట్టేశాక పరాంకుశం వరండాలో అటూ ఇటూ తిరిగాడు. దీపాలు తను ఆర్పలేడు, అది కమిషనర్ ఉత్తర్వు. కేంద్రంలో దీపాల స్విచ్చు మీద అధికారం ఎవరికుందని చూస్తే, కేంద్రం అధిపతికి ఉంది. కేంద్రం అధిపతి ఎవరు? ఆయన నడక ఆగింది. కుర్చీ లాక్కుని, తన ఉద్యోగ జీవితంలోకెల్లా అందమైన దస్తూరితో ఒక నోటు రాశాడు.

"గౌరవనీయులైన సంయుక్త సంచాలకులు గోధుమ గారి పరిశీలనార్థం. విషయము: ప్రాంగణములోని దీపాలు ఆర్పుట. అత్యవసరము. తమకు అభ్యంతరము ఉన్నచో నేటి సాయంత్రము ఆరు గంటల లోపల తెలుపగలరు."

గోధుమ గారు క్యాంపులో ఉన్నారు కనుక నోటును పొలానికే తీసుకెళ్లాడు. బాలమల్లు వెంట వచ్చాడు. గోధుమ మొదళ్ల దగ్గర కాగితం పెట్టి, గాలికి ఎగరకుండా మట్టిపెళ్ల పెట్టాడు. తను వేళ్లతో తడిమి చూసుకున్న గణుపులు అవి. ఇంకొంచెం ఆగితే పూసేవే. ఆయన కళ్లు చెమర్చాయి.

"తప్పదండీ" అన్నాడు గోధుమ గారితో.

పొద్దు గుంకేదాకా ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. గోధుమ గారు అభ్యంతరం చెప్పలేదు. బాలమల్లు లేచి, "పెద్దసారు సరేనన్నరు" అన్నాడు. పరాంకుశం వెళ్లి స్విచ్చు నొక్కాడు.

ఎర్రగుట్టకు రాత్రి వచ్చింది. గుమస్తాలు ఇళ్లకు పరిగెత్తారు. భీమన్న కర్ర పట్టుకుని, పోయిన సొత్తు దొరికినంత ఆనందంగా కంచె చుట్టూ తిరిగాడు.

జొన్న వెంటనే నమ్మలేదు. మొక్కలు దేన్నీ వెంటనే నమ్మవు. పొద్దున్నే కంచె దగ్గరికి వెళ్లి చూడటం పరాంకుశానికి అలవాటైంది. సత్తెవ్వ కూడా అక్కడే నిలబడి ఉండేది. ఇద్దరూ మొక్కల కొసలే చూసేవాళ్లు. తడి ఇంకా ఇంకా కిందికి దిగిపోతోంది, నేల నెర్రెలు విప్పుతోంది. ఒకరోజు పైఆకు మొదలు దగ్గర ఉబ్బు కనిపించింది. "పొట్టకొచ్చింది సారూ!" అని సత్తెవ్వ కేక పెట్టింది. ఆ కేకకు కేంద్రంలో గుమస్తాలందరూ బయటికి వచ్చారు. ఇంకొన్నాళ్లకు చేను చేనంతా కంకులు తలలెత్తాయి. ఆఖరి తడి అందుకుని గింజ పాలుపట్టింది. పరాంకుశం అంత సంతోషం తన ఉద్యోగంలో ఎన్నడూ ఎరగడు.

గోధుమ గారు మాత్రం గణుపుల దగ్గరే ఆగిపోయారు. తర్వాత ఎండలు వచ్చి ఆకులు కొసల నుంచి ఎండడం మొదలైంది.

దీపాలు ఎవరు ఆర్పారో విచారించడానికి ఉప సంచాలకుడు దామోదరస్వామి గారు జీపులో వచ్చారు. పరాంకుశం నోటు చూపించాడు. దామోదరస్వామి గారు రెండుసార్లు చదివి, చెమట తుడుచుకున్నారు.

"అంటే దీపాలు ఆర్పింది సంయుక్త సంచాలకుల వారు."

"అవును సార్. నేను స్విచ్చు నొక్కాను, అంతే."

"నేను ఉప సంచాలకుణ్ణి. హోదాలో నాకన్నా పెద్దవారిని నేను ఎట్లా ప్రశ్నించగలను?" అని దామోదరస్వామి గారు గోధుమ వైపు తిరిగి ఒక నమస్కారం పెట్టి, భోజనం చేసి వెళ్లిపోయారు. విషయం చివరికి కమిషనర్ గారి దాకా పోయింది. ఆయన స్వయంగా బయలుదేరారు.

ఆయన వచ్చేనాటికి గోధుమ మడి ఎండు గడ్డిలా గలగలమంటోంది. పరాంకుశం సస్పెన్షన్‌కు మానసికంగా సిద్ధమై, ఉతికిన చొక్కా వేసుకుని నిలబడ్డాడు. కమిషనర్ గారు మడి చుట్టూ ఒకసారి తిరిగారు. ముఖం ఎర్రబడింది. ఏదో అనబోయి, కంచె అవతలికి చూసి ఆగిపోయారు. అక్కడ సత్తెవ్వ, కోడలు, ఇంకో నలుగురు కూలీలు జొన్న కోస్తున్నారు. కంకులు పిడికిలికి పట్టనంత లావున్నాయి.

"అదేమిటి?"

"జొన్న సార్."

"వెన్ను వేసిందే! ఎందుకు వేసింది?"

"దీపాలు ఆర్పినందుకు సార్. దానికి రాత్రి పొడుగుగా ఉండాలి" అన్నాడు పరాంకుశం. ఎట్లాగూ ఉద్యోగం పోయేదేగా, నిజం చెప్పి పోదామనుకున్నాడు.

కమిషనర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అది చూడగానే పరాంకుశానికి వెన్నులోంచి చలి పుట్టింది. "దీపాలు ఆర్పింది ఎవరు? శాఖ. జొన్న పండింది ఎందుకు? శాఖ రాత్రిని సరఫరా చేసినందుకు" అన్నారు కమిషనర్ గారు నెమ్మదిగా, తనకు తనే చెప్పుకుంటున్నట్టు. "ఇంతకాలం మనం పగటి వెంట పడ్డాం. పరాంకుశం, వచ్చే ఏడు జిల్లా అంతటా దీర్ఘరాత్రి పథకం! సూర్యాస్తమయం మధ్యాహ్నం మూడింటికి. ఒక్క దీపం వెలగరాదు."

వెంట వచ్చిన విద్యుత్ శాఖ ఇంజినీరు ఒకడుగు ముందుకు వేశాడు. చేతులు జోడించాడు. "మేము ఈ పథకాన్ని ఎన్నో ఏళ్లుగా అమలు చేస్తున్నాం సార్. ఇన్నాళ్లకు గుర్తింపు దొరికింది."

"పథకం బాధ్యత పరాంకుశానిదే. అది పూర్తయ్యేదాకా వారు ఇక్కడే ఉంటారు" అని కమిషనర్ గారు ప్రకటించారు. అందరూ తలలూపారు. పరాంకుశం ఊపలేదు గానీ, అది ఎవరూ గమనించలేదు.

కమిషనర్ గారు కంచె దాటి చేలోకి నడిచారు. సత్తెవ్వ కొడవలి పక్కన పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుని లేచి నిలబడింది.

"అమ్మా, మీ జొన్న శాఖ గర్వించదగ్గ పని చేసింది. ఎర్రగుట్ట కేంద్రంలో సంయుక్త సంచాలకుల పదవి ప్రస్తుతం ఖాళీగా ఉంది. ఆ హోదా మీ జొన్నకు ఇవ్వాలని శాఖ నిర్ణయించింది. గది ఉంటుంది, ఏసీ ఉంటుంది, ఫ్రిజ్ ఉంటుంది."

సత్తెవ్వ ఒకడుగు వెనక్కి వేసింది. కోసిన కంకుల మోపును రెండు చేతులా దగ్గరికి లాక్కుంది.

"వద్దు సారూ, నీ కాల్మొక్కుత" అంది. "ఇగ ఇప్పుడే కంకి ఏసింది. హోదా ఇస్తే మల్ల ఎయ్యది."